1979 కథలో గాంధీ నోటు పడింది: జేజి ముడుపు మూటలో ఏ డబ్బులు ఉండాలి?

పూతలపట్టు పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఎ. చదువుతున్నాను. నేనూ, మా క్లాసు వాళ్ళు నలుగురూ కలిసి ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కథ మా ఇంటిదే. 1955లో మా నాయనకు చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే మా జేజి (నాయనమ్మ) కొండకు ముడుపు కట్టింది. పసుపు గుడ్డ మూట. ఏటా సంక్రాంతికి విప్పి, చేతిలో ఉన్నది ఇంకొంచెం వేసి, మళ్ళీ ముడి వేసేది. కరువొకసారి, కాన్పులొకసారి, ఆ ముడుపు చెల్లించడం వెనక్కి పోతానే వచ్చింది. ఆమె పోయినాక, 1979లో మా నాయన చిత్తూరు మండీలో బెల్లం అమ్మి, అందులోంచి కొంత కలిపి, ఆ మూట పట్టుకుని కొండెక్కినాడు. కథ అంతే.

మొదటి కట్ మా పక్కింటి పెద్దాయనకు చూపించాం. రెండో నిమిషంలోనే ఆపమన్నాడు. మండీలో సాహుకారు మా నాయన చేతిలో వంద నోట్లు పెట్టే సీను అది. నోటు మీద గాంధీ మొహం ఫ్రేము నిండా కనిపిస్తా ఉంది. "1979లో ఈ నోటు యాడిదమ్మా?" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు. అమ్మ బీరువాలో ఉన్న పాత వంద నోట్లు కదా, సరిపోతాయి అనుకున్నాం.

ఆ రోజు నుంచి నాకు ఏ సినిమా చూసినా డబ్బు మీదికే కన్ను పోతోంది. మొన్న 1960ల కథ అని తీసిన ఒకదాంట్లో హోటల్ గోడ మీద ధరల బోర్డు ఉంది. ప్రతి ధర ముందూ ఇప్పటి రూపాయి గుర్తు వేసినారు. అంత పెద్ద సెట్ వేసినవాళ్ళు ఈ ఒక్కటీ ఎవరినైనా అడిగి ఉంటే పోయేది కదా అనిపించింది. కానీ మేం చేసిందీ అదే తప్పు.

ఇది మా జేజి ముడుపు. దాంట్లో తప్పు ఉండకూడదు. 1979లో మా నాయన చేతిలో ఏ నోట్లు ఉండాలి? 1955 నుంచి కట్టిన మూట విప్పితే ఏ నాణేలు కనిపించాలి? తెలిసిన పెద్దలు చెప్పండి. సీను మళ్ళీ తీస్తాం.

పాత క్యాషియర్, చిత్తూరు

అమ్మా, ముందు మీ పక్కింటి పెద్దాయనకు నా నమస్కారం చెప్పు. చిత్తూరులో ఒక బ్యాంకులో 1974లో క్యాషియరుగా చేరి ముప్పై ఆరేళ్ళు నోట్లు లెక్కబెట్టినాను. సినిమాలో ఎవరైనా దుడ్డు చేతికి తీసుకుంటే నా కళ్ళు వాళ్ళ మొహం మీదికి పోవు, వేళ్ళ మీదికే పోతాయి.

నువ్వు వాడిన గాంధీ నోట్ల వరస 1996లో మొదలైంది. పదీ, వందా ముందు వచ్చినాయి. అంటే మీ నాయన బెల్లం అమ్మిన పదిహేడేళ్ళకు. దానికంటే ముందు గాంధీ బొమ్మ అసలు లేదా అంటే ఉంది. 1987 అక్టోబరులో వచ్చిన ఐదొందల నోటు మీద ఉంది. ఇంకా వెనక్కి పోతే 1969లో ఆయన శతజయంతికి ఒకటి, రెండు, ఐదు, పది, వంద నోట్లు గాంధీతో వేసినారు. ఒక్క రూపాయి నోటు తప్ప మిగతావాటిలో ఆయన సేవాగ్రాం ఆశ్రమం ముందర కూర్చుని ఉంటాడు. అది దొరికితే 1979లో చూపించు, ఎవరూ తప్పు పట్టలేరు. అమ్మ బీరువాలో నోటు మాత్రం కుదరదు.

మీ నాయన చేతిలో ఉండాల్సింది సింహాల నోట్లు. కుడి పక్కన అశోక స్తంభం సింహాలు ఉండేవి. వాటిలోనూ ఒక్కోదానికి ఒక్కో వెనక బొమ్మ. రెండు రూపాయల నోటు మీద 1976 నుంచి ఆర్యభట్ట ఉపగ్రహం వచ్చింది. ఐదు మీద ట్రాక్టర్. పాత పది మీద తెరచాప పడవ. ఇరవై నోటు 1972లో, యాభై 1975లో వచ్చినాయి, కాబట్టి 1979 కథలో రెండూ పెట్టొచ్చు. అదే 1965 కథ అయితే రెండూ పెట్టకూడదు. ఒక్క రూపాయి నోటు సంగతి వేరే. అది రిజర్వు బ్యాంకుది కాదు, భారత ప్రభుత్వానిది. ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీ సీనులో సాహుకారు అన్నీ వందలే ఇచ్చినాడు అన్నావు. బొమ్మ మార్చినా అది నాకు నచ్చదు. బెల్లం మండీ వాళ్ళ లెక్క నేను ఎన్నేళ్ళో చూసినాను. రైతు ఊరికి పోయి చెరుకు కొట్టినవాళ్ళకు, గానుగ దగ్గర పొయ్యి వేసినవాడికి, బండి తోలినవాడికి పంచాలి. పల్లెలో వంద మార్చేవాడు ఎవడు? అందుకే "పదులూ ఐదులూ ఇయ్యి సామీ" అని అడిగి తీసుకునేవాళ్ళు. పదుల కట్ట ఒకటి, పైన విడి నోట్లు, పంచె మొలలో దోపుకోవడం. అలా చూపిస్తే మాట చెప్పకుండానే ఆ మనిషి ఎట్లాంటివాడో తెలుస్తుంది.

కట్ట అన్నాను కాబట్టి ఇంకొకటి. ఇప్పటి సినిమాల్లో 1980ల కథకు కూడా నోట్ల కట్టకు నడుమ కాగితం పట్టీ చుట్టి పెడతారు. అప్పట్లో మేము కట్టకు పిన్ను కొట్టేవాళ్ళం. నోటు ఎడమ పక్క, నీటిగుర్తు ఉండే తెల్ల జాగాలో, లావు స్టేపుల్ పిన్నులు. దాన్ని ఊడదీయడానికి చాకుమొన వాడేవాళ్ళం, గోళ్ళు విరిగేవి. అందుకే అప్పటి నోటు ఏదైనా తీసి దీపం ముందు పట్టు, ఎడమ పక్క చిల్లులు చిల్లులుగా ఉంటాయి. ఆ తెల్ల జాగాలోనే మేము సిరాతో అంకెలూ రాసేవాళ్ళం. 2001 నవంబరులో రిజర్వు బ్యాంకు పిన్నులు ఆపి కాగితం పట్టీ వేయమన్నది. చిల్లులు లేని నోటు, అంకె రాయని నోటు 1979లో నేను చూసింది చాలా తక్కువ. పాత నోట్లు సంపాదిస్తే చిల్లులున్నవే ఏరుకో.

పెట్టె నిండా కోటి రూపాయలు అని చూపించే సీను గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను చాలా బాధ పెడుతుంది. 1978 జనవరి 16న వెయ్యి, ఐదు వేలు, పది వేల నోట్లు రద్దు చేసినారు. ఐదొందల నోటు 1946లోనే పోయింది, 1987 దాకా తిరిగి రాలేదు. అంటే 1978 జనవరి నుంచి 1987 అక్టోబరు దాకా దేశంలో అన్నిటికంటే పెద్ద నోటు వంద. కోటి రూపాయలంటే లక్ష నోట్లు, వెయ్యి కట్టలు. నోటు దాదాపు ఒక గ్రాము తూగుతుంది, కాబట్టి అది వంద కిలోల బరువు, ఒక బెల్లం బస్తా కన్నా ఎక్కువ. చేతిపెట్టెలో బాగా కుక్కితే వంద కట్టలు పడతాయేమో, అది పది లక్షలు. విలను ఒక్క చేత్తో పెట్టె తిప్పుతూ కోటి అంటాడు! పది పెట్టెలు జీపులోకి ఎక్కించే సీను తీసి ఉంటే ఎంత బాగుండేదో. ఎక్కించేవాళ్ళు, చూసేవాళ్ళు, దాచే చోటు, అన్నిటికీ అక్కడే కథ ఉంది.

ఇక జేజి మూట. ఇది నాకు కన్నీళ్ళు తెప్పించింది తల్లీ, మా అవ్వ దగ్గరా ఒకటి ఉండేది.

1955లో కట్టిందంటే అప్పటికి నయాపైసలు లేవు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండి 1953లో ఆంధ్రలోకి వచ్చింది కాబట్టి ఇక్కడ నిజాం హాలీ సిక్కా రూపాయి పెట్టొద్దు. చార్మినార్ బొమ్మ ఉన్న నాణెం చూపించినారంటే కథ హైదరాబాదు పక్కకు పోయినట్టు.

1955లో ఆడవాళ్ళ చేతుల్లో రెండు రకాలూ కలిసి తిరిగేవి: రాజు తల ఉన్నవీ, 1950లో వచ్చిన సింహాలవీ. సింహాల కాణీ వెనక గుర్రం, అర్ధణా, అణా, బేడల వెనక ఎద్దు, పావలా నుంచి పైకి గోధుమ కంకులు. రాజుల కాలంవాటిలో చిల్లికాణీ తప్పక పెట్టు, నడుమ బొక్క ఉండే రాగి రంగు కాణీ, దాని మీద రాజు తల ఉండదు, కిరీటమే. 1943 నుంచి 47 దాకా వేసినారు. మా అవ్వ వాటిని దారానికి గుచ్చి ఉంచేది.

అణా బిళ్ళ అంచు గుండ్రం కాదు, అలలు అలలుగా ఉంటుంది. బేడ చతురం, మూలలు మొండివి. చదువు రానివాళ్ళు చీకట్లో కూడా వేలితో తడిమి చెప్పేవాళ్ళు. ఇంకో మాట, ఎడ్వర్డు, ఐదో జార్జి రాజుల అణా బిళ్ళ వెనక విలువ తెలుగు అక్షరాల్లో కూడా ఉంటుంది. నీ కెమెరా దాని మీద ఒక్క క్షణం ఆగితే నాకు చాలా సంతోషం.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు అన్నారు. నాకప్పుడు ఏడేళ్ళు. అవ్వ అణా ఇచ్చి అంగడికి పంపితే ఆరు నయాపైసలకే సరుకు ఇచ్చినాడు. లెక్క ప్రకారం అణాకు ఆరుంపావు రావాలి. పావు పైసా లేదు కాబట్టి ఆరు. బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు సరిగ్గా ఇరవై ఐదు. విడి విడిగా పదహారు అణాలు మారిస్తే తొంభై ఆరు పైసలే వస్తాయి. అవ్వ ఆ రోజు అంగడాయనతో చేసిన తగువు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నా రూపాయిలో నాలుగు పైసలు ఎవురు తిన్నారు?" అని.

1964 జూన్‌లో ‘నయా’ అనే మాట తీసేసినారు, ఉత్త పైసలు అయినాయి. ఆ తర్వాత అల్యూమినియం. చతురం పైసా, ఆరు మూలల మూడు పైసలు. 1968 నుంచి కొన్నాళ్ళు తామరపువ్వు ఉన్న ఇత్తడి రంగు ఇరవై పైసలు వచ్చినాయి, మా ఇంట్లో వాటిని ఖర్చు పెట్టనీయక పూజ పటం దగ్గర ఉంచేవాళ్ళు. మీ జేజి మూటలో ఇవన్నీ ఉండాలి. మూట మొత్తం ఒకే రకం నాణేలతో మెరుస్తా ఉంటే అది ముడుపు కాదు.

సౌండ్ చేసేవాళ్ళకు ఒక మాట చెప్పు. ఏ నాణెం పడినా సినిమాల్లో ఖంగుమని వెండి రూపాయి మోగినట్టే మోగిస్తారు. వెండి రూపాయి 11.66 గ్రాములు, 1939 దాకా పదింట తొమ్మిది వంతుల పైన వెండి, దాని మోత వేరు. 1947 రూపాయి నికెలుది, వెనక పులి ఉంటుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది, మోత కట్టెగా ఉంటుంది. అల్యూమినియం పైసా ముప్పావు గ్రాము, పడితే టిక్కుమంటుంది అంతే. మూట గుమ్మరించినప్పుడు ఈ మూడు మోతలూ కలిసి వినపడాలి.

చంద్రగిరి నాణేలు

క్యాషియరు సార్ చెప్పిందానికి నేను కలిపేది ఏమీ లేదు, ఒక్క పక్క విషయం. మా ఊరి కోట చూడ్డానికి వచ్చేవాళ్ళలో చాలామంది నన్ను అడుగుతారు, రాయల కాలం బంగారు నాణెం ఇంతేనా అని. సినిమాల్లో రాజు కవులకు విసిరే నాణేలు పాలకోవా బిళ్ళలంత ఉంటాయి కదా. వరహా బరువు దాదాపు 3.4 గ్రాములు, వెడల్పు చొక్కా గుండీ అంత. కృష్ణదేవరాయల వరహా మీద బాలకృష్ణుడు ఉంటాడు, వెనక నాగరి లిపిలో రాయల పేరు. ఇంకా చిన్నది పణం, అది అర గ్రాము కూడా తూగదు. అరచేతిలో పోసుకుంటే ఊదితే ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. 1443లో విజయనగరం వచ్చిన అబ్దుర్ రజాక్ వరహా, దానిలో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు పణం అని రాసి పెట్టాడు.

మూడు సెంటీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం బంగారు బిళ్ళ లెక్క కట్టి చూశాను. ఇరవై ఏడు గ్రాములు వస్తుంది. ఒక్కో బిళ్ళ ఎనిమిది వరహాలు! వెయ్యి వరహాలు నిజంగా ఇస్తే మూడున్నర కిలోలలోపే, చిన్న చెంబులో పడతాయి. గుప్పెడంత సంచిలో వెయ్యి వరహాలు అంటే నమ్మొచ్చు, లోపల నాణేలు మాత్రం చిన్నవి కావాలి.

రాయల సభలో ‘రూపాయి’ అనే మాట కూడా రాకూడదు. ఇప్పటి రూపాయికి మూలమైన వెండి రూపాయిని షేర్ షా 1540 తర్వాత వేయించాడు. రాయలు 1529లోనే పోయాడు. మన తిరుమల శాసనాల్లో కానుకల లెక్క ‘నర్పణం’ అని కనిపిస్తుంది. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతిరాయలు నాణెం మీదనే తోరణం కింద నిలబడిన వేంకటేశ్వరుణ్ణి వేయించాడు. ఈ చుట్టుపక్కల రాజుల కథ ఎవరైనా తీస్తే ఆ ఒక్క నాణెం చాలు అని నా ఆశ.

అన్నట్టు, మన చిత్తూరు వాళ్ళు డబ్బును ‘దుడ్డు’ అంటారు కదా. దుడ్డూ, డబ్బూ, కాసూ, మూడూ ఒకప్పుడు విడి విడి రాగి నాణేల పేర్లే.

ఆర్ట్ పని చేసే తిరుపతి అబ్బాయి

అక్కా, నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. మేం ఎందుకు తప్పు చేస్తామో కూడా చెప్పాలి. నోటును పోలిన కాగితం అచ్చు వేయడం నేరం. పాత ఐపీసీలో 489-ఈ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 182 సెక్షన్. అందుకే పైన ఒక అసలు నోటు, కింద తెల్ల కాగితాలు కత్తిరించి పెడతాం. పొద్దున ఆరింటికి షాట్ అంటారు, ప్రొడక్షన్ వాళ్ళ జేబులో ఏ నోటు ఉంటే అదే పైకి వస్తుంది. తప్పని తెలిసీ నేను రెండుసార్లు అలా పెట్టాను. తెర మీద చూసినప్పుడు తల దించుకున్నాను.

మీరు స్కాన్ చేసి ప్రింటు తీయొద్దు, అది మాత్రం వినండి. పాత నాణేలు, నోట్లు దాచేవాళ్ళను అడిగితే నాలుగు అసలువి అరువు ఇస్తారు. కట్టను అంచు వైపు నుంచి చూపించండి, పై నోటు ఒక్కటే కనపడుతుంది. కింది కాగితాలను టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాత నోట్ల రంగు వస్తుంది. పెద్దాయన చెప్పిన పిన్నుల సంగతి నాకు ఈ రోజే తెలిసింది. ఇకమీద ప్రతి పాత కథకూ పిన్ను కొడతాను.

ధరల బోర్డు గురించి అడిగారు. రూపాయి గుర్తు 2010 జూలైలో వచ్చింది. అంతకు ముందు కథ ఏదైనా ‘రూ.’ అని రాయాలి. 1957కు ముందు అయితే రూపాయలు, అణాలు, పైలు (అణాకు పన్నెండు), మూడు అంకెలు, మధ్య గీతలు. రెండున్నర రూపాయలు అంటే రూ. 2-8-0. పాత పుస్తకాల అట్ట మీద వెల అలాగే ఉంటుంది, చూసి దించుకోండి.

పూతలపట్టు పిల్ల

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇది చదివి మా నాయనకు వినిపించినాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పదులే ఇచ్చినాడు. పడవ బొమ్మవి" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

క్యాషియరు సార్, ఒక్క సందేహం. 1979లో ఆ అణాలు, చిల్లికాణీలు అంగట్లో చెల్లవు కదా. మరి మా నాయన వాటిని ఏం చేసి ఉంటాడు? ఆయన్ను అడిగితే "జేజి ఏమి కట్టిందో అదే వేసినా" అంటాడు. చెల్లని డబ్బు హుండీలో వేసినట్టు చూపిస్తే జనం తప్పుగా అనుకుంటారేమో అని మా వాళ్ళు భయపడుతున్నారు.

పాత క్యాషియర్, చిత్తూరు

వేయనీ తల్లీ. ఏ అంగడాయనా తీసుకోని బిళ్ళలు అవి, నిజమే. హుండీ కొప్పెరలో అన్నీ పడతాయి. కానుకలు లెక్కబెట్టే పరకామణిలో కూర్చుని ఏరేవాళ్ళ చేతికి పాత బిళ్ళలు, పరదేశం బిళ్ళలు అన్నీ వస్తాయి. మార్చి వేయాలనుకుని ఉంటే 1957 తర్వాత ఎప్పుడో ఒకప్పుడు మీ జేజే మార్చి ఉండేది. ఆమె మార్చలేదు. అణాకు ఆరు పైసలే వస్తాయని తెలిసి కూడా మార్చలేదేమో. స్వామికి ఒప్పుకున్నది అణాల్లో కదా.

సీను తీసేటప్పుడు నన్ను పిలువు. నా దగ్గర పద్నాలుగు అణా బిళ్ళలు, ఒక బేడ ఉన్నాయి. కలిపితే సరిగ్గా రూపాయి. అవ్వ దారానికి గుచ్చిన చిల్లికాణీలు కూడా తెస్తాను. చిత్తూరు నుంచి పొద్దున ఐదున్నర బస్సుకు ఎక్కితే ఎనిమిది లోపు తిరుపతిలో ఉంటాను. షూటింగ్ అయినాక లెక్కబెట్టి తిరిగి ఇయ్యి.